బస్సు వెనక బిక్షం

ముందుగాల బిక్షం మీసం సంగతి చెప్పుకోవాలె. మనిషి సంగతి తర్వాత చెప్పినా నడుస్తది. ఎందుకంటే గోదావరిఖనిల సగం మందికి ఆ మనిషికంటె ముందు ఆయన మీసమే ఎరుక. దువ్వి, కొబ్బరినూనె రాసి, రెండు కొసలు పైకి మెలేసి, పొద్దున డ్యూటీకి పొయ్యే ముందట అద్దం కాడ దానికిచ్చే టైం పెండ్లాంబిడ్డలకు వారం మొత్తం కలిపినా ఇయ్యడని లింగవ్వ అంటుండె. లింగవ్వ ఆయన పెండ్లాం. ఆమె మాటల అబద్ధం పెద్దగ ఉండదు.

ఆ మీసం పుణ్యాన బిక్షానికి బొగ్గు బాయి కాడ రెండు డ్యూటీలు. అసలు డ్యూటీ ఏందంటే బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతోని పైకి గుంజే ఇంజను నడుపుడు. రెండోది బొమ్మలకు నిలవడుడు. ఏటా రక్షణ వారోత్సవాలప్పుడు బాయిల కాడ బోర్డులు పెడ్తరు గదా. ఒక బోర్డు మీద ఎర్రటి ఇంటూ మార్కు, కింద 'తప్పు' అని రాసి ఉంటది. దాంట్ల ఒకడు నెత్తికి టోపీ లేకుంట నడుస్తుంటడు, లేకుంటె నడిచే టబ్బు ఎక్కుతుంటడు, లేకుంటె బాయి లోపట బీడీ ముట్టిస్తుంటడు. ఇంకో బోర్డు మీద పచ్చటి టిక్కు మార్కు, కింద 'ఒప్పు'. దాంట్ల టోపీ, లైటు, బూట్లు అన్నీ సక్కగ తొడుక్కున్నోడు నవ్వుతుంటడు. రెండు బోర్డులల్ల ఉండేటోడు మాత్రం ఒక్కడే. పదకొండేండ్ల సంది తప్పూ బిక్షమే, ఒప్పూ బిక్షమే.

తప్పు బోర్డు చూసి ఏ కార్మికుడూ బిక్షాన్ని బీడీ దొంగ అనుకోలే. ఎట్ల అనుకుంటరు? షిఫ్టు మొదలుగాక ముందు అందరు లైనుగ నిలవడి, కుడిచెయ్యి ముందటికి చాపి, రక్షణ ప్రతిజ్ఞ చెయ్యాలె. ముందల నిలవడి చెప్పిచ్చేది ఆయనే. గొంతు అసొంటిది మరి, ఇంజను మోగుతున్నా ఇనవడ్తది. ఎవలన్న నోట్లె నోట్లె గునిగితే ఊకోడు. "గట్టిగ చెప్పున్రి, వెనకోళ్లకు ఇనవడాలె" అని గద్దిచ్చి, మళ్ల మొదటినుంచి చెప్పిస్తడు. బాయి కాడ ఆయన పరువు గంత పెద్దది. ఆ పరువంటే ఆయనకు పాణం.

ఇగ రెండువేల ఎనిమిది సలికాలంల ఏమైందంటే, సంధ్యారాణి మేడం అని, ఆడివిల్లల కాలేజీల పాఠాలు చెప్పేటామెకు ఒక ఆలోచన వచ్చింది. బస్సులల్ల, బస్టాండ్లల్ల ఆడివిల్లలను సతాయించుడు మస్తు ఎక్కువైంది. పేపరోళ్లు దాన్ని ఈవ్ టీజింగ్ అని రాస్తరు, రాసి ఊకుంటరు. మేడం ఊకోలే. బస్సులల్ల జరిగే పనికి బస్సుల మీదనే బోర్డులు పెట్టాలె అన్నది. తిరిగి తిరిగి, ఖని నుంచి రామగుండం స్టేషను దిక్కు పొయ్యే నాలుగు బస్సుల మీద మూడు నెల్లు బోర్డులు పెట్టుకునేటందుకు పర్మిషను తెచ్చింది. బాయి కాడి లెక్కనే ఒక తప్పు బోర్డు, ఒక ఒప్పు బోర్డు. ఒప్పు బోర్డుల ఆడామెకు సీటిచ్చే మంచి మనిషి ఉంటడు. దానికి ఎంతమందైనా దొరికిన్రు. తప్పు బోర్డుకే మనిషి దొరకలే.

అడిగినోళ్లందరు తప్పించుకున్నరు. ఒకాయన నా పెండ్లాం పుట్టింటికి పోతదన్నడు. ఫొటోలు తీసేటి జగదీశ్వర్ నా స్టూడియోకు ఇగ పెండ్లి ఫొటోలు రావన్నడు. నాటకాలల్ల రావణాసురుని వేషం కట్టేటాయన అయితే మేడం మీదికి లేసిండు. రావణాసురుడంటె ఒక లెవలున్నది, గీ బస్టాండ్ వేషం నేను కడ్తనా అన్నడు. ఆఖరికి క్లాసుల వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేసి, మా బాపు పదకొండేండ్ల సంది తప్పు బోర్డుల ఉన్నడు మేడం అన్నది. ఆ పిల్ల పేరు సంతోషి. బిక్షానికి ఒక్కతే బిడ్డ, డిగ్రీ రెండో ఏడు.

మేడం ఇంటికొచ్చి అడిగితే బిక్షం పొంగిపోయిండు. తప్పు బోర్డు పని ఖనిల నాకంటె ఎక్కువ ఎవనికి తెలుసు అన్నడు. లింగవ్వ చాయ్ గిలాస ముందట పెట్టి, బాయి వేరు బజారు వేరు, ఒక్కసారి ఆలోచన చెయ్యి అన్నది. ఆయన ఇనలే. మీసం మెలేసుకుంట చాయ్ తాగిండు.

ఆయితారం జగదీశ్వర్ స్టూడియోల ఫొటోలు. మేడం, నలుగురు ఆడివిల్లలు, సంతోషి, అందరు వచ్చిన్రు. బస్సు సీట్ల లెక్క ఒకదాని వెనక ఒకటి కుర్చీలేసిన్రు. బిక్షం వెనక కుర్చీల కూసుండి, పదకొండేండ్ల అలవాటుతోని తప్పు మొఖం పెట్టిండు. పిల్లలు పడి పడి నవ్విన్రు. కాకా, నువ్వు బీడీ దాసుకున్నోని లెక్క ఉన్నవ్ అన్నరు. ఈలెయ్యమంటె ఏసిండు, బయట రోడ్డు మీద పొయ్యే ఆటో ఆగింది. కన్ను కొట్టమంటె రెండు కండ్లు ఒక్కసారే కొట్టిండు. జగదీశ్వర్ కెమెరా కింద పెట్టి, పండ్ల నొప్పి ఫొటోకైతే గిది మంచిగుంటది అన్నడు. గిట్ల మూడు గంటలు నడిచింది.

ఇగ ఆ పిల్లలే లేసి నేర్పిచ్చుడు మొదలువెట్టిన్రు. మోచెయ్యిగాడు ఎట్ల నిలవడ్తడో ఒక పిల్ల చూపెట్టింది. డ్రైవరు బ్రేకు కొట్టకున్నా మీద వడే బ్రేకుగాడు ఎట్ల వడ్తడో ఇంకొక పిల్ల చూపెట్టింది. పాటలోడు, ఫోన్ల ఫొటో తీసేటోడు, చిల్లర కింద వడేసుకొని ఏరుకునేటోడు, ఒక్కొక్కని నడక, ఒక్కొక్కని దగ్గు సుత చేసి చూపెట్టిన్రు. బిక్షం తొడ కొట్టుకొని నవ్విండు. ఇన్ని రకాలున్నయా, మా బాయిల బొగ్గుకు సుత ఇన్ని గ్రేడ్లు లేవు గదా అన్నడు.

అప్పటిదాంక స్టూలు మీద సప్పుడుజెయ్యకుంట కూసున్న సంతోషి లేసింది. తండ్రి చేతుల పేపరు పెట్టింది. అన్నం ఎట్ల వార్చాల్నో చెప్పినట్టు, నిమ్మళంగ చెప్పింది.

"అట్ల కాదు బాపు. వెనక సీట్ల పేపరు సదువుతున్నట్టు కూసుంటడు. చెయ్యి పేపరు కిందికెళ్లి, కిటికీ పక్క సందుల నుంచి వస్తది. గందుకే మేము బ్యాగు ఒళ్లె పెట్టుకోం, ఆ సందుల కుక్కి పెడ్తం."

బిక్షం నవ్వు ఆగింది. బిడ్డ చెప్పినట్టు పెట్టిన చెయ్యి ఆ సందులనే ఉన్నది, కండ్లు మాత్రం బిడ్డ మొఖం మీద నిలవడ్డయి. 'మేము' అన్నది. గా మాట ఆయన చెవుల పడ్డది గని లోపటికి పోతలేదు. కండ్లార్పకుంట చూసిండు. కెమెరా టక్కుమన్నది. జగదీశ్వర్ ఎగిరి, గిదీ చూపంటె, గింతసేపటికి పడ్డవ్ బిక్షమన్నా అన్నడు.

అడుగుదామనుకున్నడు బిక్షం. అప్పుడే, బాయి కాడి లెక్క ఒప్పు బోర్డుకు సుత నువ్వే నిలవడు అని అంగీ మార్చుకొమ్మన్నరు. మార్చుకున్నడు, లేసి నిలవడి సీటిచ్చిండు, నవ్విండు. ఇంటికి పొయ్యేవరకు ఆ అడిగేది ఎటో పక్కకు పోయింది. మనకు నచ్చని ముచ్చట గట్లనే పక్కకు పోతుంటది, దాన్ని మనమే తోస్తం.

ఇగ అసలు తప్పు ఎక్కడ జరిగిందంటె, బోర్డులు పెట్టే కాడ. మేడం రెండు బోర్డులు బస్సు వెనక పక్కపక్కనే పెడ్దమన్నది. బిక్షం అడ్డం తిరిగిండు. బోర్డుల సంగతి మీకు తెల్వది మేడం, బాయి కాడ ఎప్పటి సంది గట్ల పెట్టం అన్నడు. బాయి కాడ తప్పు బోర్డు గేటు బయట ఉంటది, ఒప్పు బోర్డు లోపట ఉంటది. బయట తప్పు చూసి, లోపటికి పొయ్యేవరకు ఒప్పు చూసి, మనిషి బుద్ధితోని బాయిల దిగుతడు. జగదీశ్వర్ సుత బాయి బోర్డులు చేసీ చేసీ అదే రూలు అన్నడు. ఇద్దరు ఒక్కటయ్యేవరకు మేడం ఊకున్నది. తప్పు బోర్డు బస్సు వెనక పడ్డది, పెద్దగ, రెండు కిటికీలంత. ఒప్పు బోర్డు బస్సు లోపట, డ్రైవరు వెనక పడ్డది.

బాయి గేటు దాటినోడు ఎవడైనా లోపటికే పోతడు. బస్సు వెనక పొయ్యేటోడు బస్సెక్కడు గదా. సైకిలోడు, స్కూటరోడు, చాయ్ హోటల్ల కూసున్నోడు, అందరు చూసేది వెనకనే. గింత చిన్న ముచ్చట ఇద్దరు పెద్దమనుషుల బుర్రకు తట్టలే. ఎక్కినోళ్లకు సుత ఒప్పు బోర్డు కనవడకపాయె. దాని ముందట ఎప్పుడూ ఆడోళ్లు కిక్కిరిసి నిలవడి ఉంటరు. గట్ల ఖని మొత్తానికి బిక్షం ఒక్కటే తీరుగ కనవడ్డడు: ఎర్ర ఇంటూ మార్కు కింద, మెలేసిన మీసంతోని, కండ్లార్పకుంట చూసుకుంట.

మొదటి దినం ఎవలూ ఏమనలే. రెండో దినం కూరగాయలమ్మే సారవ్వ టమాటలు జోకి, సంచి చేతికియ్యకుంట కింద పెట్టి, రెండడుగులు వెనకకు జరిగింది. మూడో దినం బస్సుల సమ్మవ్వ అని, రోజూ గొడుగు పట్టుకొని తిరిగే ముసలామె, ఆయన డొక్కల గొడుగు కొసతోని పొడిచి, అటు జరుగురా బిడ్డా, నీ సంగతి బస్సు వెనకనే రాసున్నది అన్నది. కండక్టరు ఆయనను తీస్కపోయి ఆఖరి సీట్ల, ఇద్దరు మొగోళ్ల నడుమ కూసోవెట్టిండు.

నాలుగో దినం గోదావరి అవతలి జైపూర్ నుంచి బామ్మర్ది ఫోన్ చేసిండు. ఏదో పనిమీద ఖనికి వచ్చి బస్సు వెనక బావ ఫొటో చూసిండట, పోలీసోళ్లు పెట్టిచ్చిన ఫొటో అనుకున్నడట. కేసు ఏ స్టేషన్ల అయ్యింది, వకీలును మాట్లాడాల్నా, బావ ఇంట్లనే ఉన్నడా పారిపోయిండా అని అక్కను అడిగిండు. ఇంట్లనే ఉన్నడు, ఉప్మా తింటున్నడు అని లింగవ్వ చెప్పింది. ఫోన్ పెట్టినంక బిక్షం మొఖం చూసి, ఫొటోల మాత్రం మంచిగనే వచ్చినవ్ అన్నది.

ఇవన్నీ ఓర్సుకున్నడు. ఓర్సుకోంది ఐదో దినం జరిగింది. ఫస్టు షిఫ్టు, లైను నిలవడ్డది, చేతులు చాపిన్రు. ప్రతిజ్ఞ నడుస్తుంటె వెనకెవలో గునిగిన్రు. బిక్షం అలవాటుగ గట్టిగ చెప్పున్రి అన్నడు. లైను లైనంత ఈలేసింది. నూటయాబై మంది, టోపీలు పెట్టుకొని, చేతులు చాపి, ఒక్క తీరుగ ఈల. సూపర్‌వైజర్ సుత మొఖం అటు తిప్పుకొని నవ్విండు. మిగిలిన ప్రతిజ్ఞ ఎట్ల పూర్తి చేసిండో బిక్షానికే తెల్వది.

ఆ సాయంత్రం ఇంట్ల అన్నం ముట్టలే. ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసుల ఒక్క ఆడామె దిక్కు ఒంకరగ చూసినోన్ని కాదు, గీ వయసుల గిదేంది నాకు అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. అంత పెద్ద మీసం మీద కన్నీళ్లు జారుడు చూసి లింగవ్వకు సుత పాపమనిపిచ్చింది. అంతల్నే ఆయన బిడ్డ దిక్కు తిరిగి ఇంకో మాటన్నడు. బొమ్మ తీసేదాంక నువ్వు బస్సెక్కకు, కాలేజికి పోకు, నా బొమ్మున్న బస్సుల నా బిడ్డ పోతుంటె చూసి నలుగురు నవ్వుతరు అన్నడు. ప్రాక్టికల్స్ ఉన్నయి బాపు, ఎన్ని దినాలు అని సంతోషి అడిగింది. నా పరువు నాకొచ్చేదాంక అన్నడు. ఆ పిల్ల బ్యాగు తీసి మేకుకు తగిలేసింది.

తెల్లారి మీసం తీపిచ్చుకున్నడు. మంగలాయన రెండుసార్లు అడిగిండు, నిజంగనేనా అన్నా అని. తీసినంక అద్దంల చూసుకుంటె ఎవలో చుట్టపాయన తొంగి చూస్తున్నట్టున్నది. బాయి కాడ మస్టరు వేసే గుమాస్తా గుర్తువట్టక, కొత్తోనివా, కాయిదం ఏది అన్నడు. మాట్లాడినంక గొంతును బట్టి రాసుకున్నడు.

గట్ల నాలుగు దినాలు పోయినంక మేడం కాడికి పోయిండు. బోర్డులు తీసెయ్యున్రి మేడం, నా ఇజ్జత్ పోయింది అన్నడు. మేడం మంచిగనే ఇన్నది. తప్పు నీది కాదు, బోర్డుల జాగ మారుద్దం, ఇంకో రెండున్నర నెల్లు ఆగరాదు, గా బస్సులల్ల పిల్లలకు ఇప్పుడిప్పుడే ధైర్యం వస్తున్నది అన్నది. ఆయన ఇనలే. సరే, నీ ఫొటో నీ ఇష్టం అని డిపోకు ఉత్తరం రాసిచ్చింది. ఇచ్చుకుంట, సంతోషి నాలుగు దినాల సంది వస్తలేదు, పానం బాగలేదా అని అడిగింది. జ్వరం మేడం అన్నడు బిక్షం. అని బయటికొచ్చినంక, పొద్దున లేస్తె ప్రతిజ్ఞ చేపిచ్చేటోన్ని, గింత అబద్ధం ఎట్లాడితిని అని తలకాయ దించుకొని నడిచిండు.

అంగీ జేబుల ఉత్తరం, ప్యాంటు జేబుల బోల్టులు ఇప్పే పాన. బస్టాండ్ల తన బొమ్మున్న బస్సు దొరికింది. డ్రైవరు ఉత్తరం చూసి, స్టేషను దాంక పోయొచ్చి డిపోకు పోత, అక్కడ ఇప్పుకో, ఎక్కి కూసో అన్నడు. ఎక్కిండు. మీసం లేదు గనక ఎవలూ గుర్తువట్టలే. కూసునేటందుకు జాగ లేక నడుమల నిలవడ్డడు.

రెండు స్టాపులు పోయినంక కొంతమంది ఆడోళ్లు దిగిన్రు. అప్పుడు మొదటిసారి కనవడ్డది ఆయనకు, డ్రైవరు వెనక ఒప్పు బోర్డు. పచ్చటి టిక్కు కింద ఇస్త్రీ అంగి ఏసుకొని సీటిచ్చి నవ్వుతున్న బిక్షం. గింత మంచోన్ని ఎవలూ చూడకపాయె గదా అని బాధవడ్డడు. బాధవడుకుంట కండ్లు తిప్పిండు. తిప్పినకాడ ఆగినయి.

కిటికీ పక్క ఒక కాలేజి పిల్ల. సంతోషి ఈడుదే. బ్యాగు ఒళ్లె లేదు. సీటుకు, కిటికీకి నడుమ సందుల కుక్కి, దాన్ని మోచేత్తోని ఒత్తిపట్టి, బయటికి చూస్తున్నది. వెనక సీట్ల ఒక పెద్దమనిషి. తెల్ల అంగి, జేబుల పెన్ను, ఒళ్లె టిఫిన్ డబ్బా. పేపరు సదువుతున్నడు. పేపరు పట్టుకున్నది ఒక్క చెయ్యే. రెండో చెయ్యి పేపరు కిందికెళ్లి పోయి, బ్యాగును మెల్లగ పక్కకు జరుపుతున్నది.

పేపరు తీరు, చెయ్యి తీరు, బ్యాగు తీరు, సంతోషి చెప్పింది చెప్పినట్టే ఉన్నది. నాలుగు గంటలు కుర్చీల కూసుండి నేర్చుకున్న పోజు గది, ఆయనకు తెల్వకపోతె ఎవలికి తెలుస్తది? బిక్షానికి కోపం రాలే ముందుగాల. ఆ చెయ్యి దిక్కే చూసుకుంట నిలవడ్డడు. తర్వాత వచ్చింది కోపం. గని ఆయన కొట్టలే, తిట్టలే. ఆ సీటు పక్కకు పోయి నిలవడి, షిఫ్టు కాడ ప్రతిజ్ఞ చెప్పిచ్చే గొంతుతోని అన్నడు.

"తమ్మీ, పోజు మస్తు పెట్టినవ్. గీ పోజుకే నాకు నాలుగు గంటలు పట్టింది."

బస్సు మొత్తం ఇటు తిరిగింది. ఆ మనిషి ఏం పోజు, ఎవలు నువ్వు అని చెయ్యి గుంజుకోబోయిండు.

"గా పేపరు కిందిది. చెయ్యి గట్లనే ఉంచు, తియ్యకు. వెనకోళ్లకు కనవడాలె."

ముందు సీట్ల నుంచి సమ్మవ్వ లేసింది. గొంతును బట్టి గుర్తువట్టింది ఆమె. ఓరి నువ్వు బొమ్మల పిలగానివి గదా, మీసమేదిరా అన్నది. అనుకుంటనే వచ్చి, ఆనాడు బిక్షం డొక్కల పొడిచిన గొడుగు ఈసారి పెన్నుజేబాయన డొక్కల పొడిచింది. బిక్షానికి తగిలినదానికంటె రెండింతలు గట్టిగనే పొడిచింది. బస్సు నవ్విన నవ్వుకు డ్రైవరు బండి స్లో చేసిండు. ఆ మనిషి స్టాపు రాకముందే, టిఫిన్ డబ్బా చంకల పెట్టుకొని దిగిపోయిండు. పేపరు సీట్లనే మరిచిపోయిండు.

ఆ పిల్ల బిక్షం దిక్కు చూడలే. సందులకెళ్లి బ్యాగు మెల్లగ తీసి, ఒళ్లె పెట్టుకున్నది. దాని మీద రెండు చేతులు పెట్టుకొని, పెద్దగ ఊపిరి తీసుకున్నది. బ్యాగు ఒళ్లె పెట్టుకొని కూసునుడు గంత పెద్ద సుఖమని బిక్షానికి ఇన్నేండ్ల వరకు తెల్వదు.

డిపోల దిగి, పాన పట్టుకొని బస్సు వెనక నిలవడ్డడు. ఎర్ర మార్కు కింద తన కండ్లు తన్నే చూస్తున్నయి. ఆ చూపు చూసే ఖని మొత్తం తిట్టింది, ఈలేసింది. గని ఆ ఘడియల తను ఎవలి దిక్కు చూసిండో బిక్షానికి యాదికొచ్చింది. కండ్లార్పకుంట బిడ్డ దిక్కు చూసిండు. చూసిండు గని అడగలే. పాన జేబుల పెట్టుకొని నడుచుకుంట ఇంటికి పోయిండు.

సంతోషి అరుగు మీద కూసుండి దోస్తు నోట్సు చూసి రాసుకుంటున్నది. బిక్షం ఎదురుంగ కూసున్నడు. ఎప్పటిసంది బిడ్డా అన్నడు. ఏందని ఆ పిల్ల అడగలే. ఇంటర్ల చేరినప్పటిసంది అన్నది. నాలుగేండ్లు. బిక్షం గొంతు సగమే లేసింది.

"మరి నాకెందుకు చెప్పలే?"

సంతోషి పెన్ను మూతపెట్టింది.

"ఉత్త బొమ్మకే నాలుగు దినాలు ఇంట్ల కూసోవెట్టినవ్ బాపు. నిజంది చెప్తె ఎన్ని దినాలు కూసోవెడ్తువు?"

బిక్షం లింగవ్వ దిక్కు చూసిండు, ఆమెన్న తన పక్కకు వస్తదేమోనని. లింగవ్వ పొయ్యి మీది చారు కలుపుతున్నది. నీకు తెలుసా అని అడిగిండు. తెల్వకేంది, చెయ్యి పెట్టినోన్ని గుచ్చేటందుకు పిన్నీసు నేనే ఇచ్చిన, నాకు మా అవ్వ ఇచ్చింది అన్నది. అని గంటె పక్కకు పెట్టి, నువ్వు చెప్పనిస్తివా మాకు, చెప్తె దాని సదువే బంద్ చేపిస్తుంటివి గదా అన్నది. కోపంగ సుత అనలే. చారుల ఉప్పు తక్కువైందన్నట్టే అన్నది.

పదకొండేండ్లు ఎర్ర మార్కు కింద నిలవడ్డడు గని, ఒక్కనాడూ అది తనకు తగిలిందనుకోలే. బీడీ తాగనోడు బీడీ బొమ్మకు నిలవడ్డట్టే, ఇది సుత ఉత్త వేషమే అనుకున్నడు. ఆ రాత్రి ఒళ్లు బొర్లిచ్చుకుంట పండుకున్నడు, నిద్ర రాలే.

పొద్దున డ్యూటీకి సెలవు పెట్టి, బస్‌పాసుల కౌంటరు కాడ లైన్ల నిలవడ్డడు. సంతోషి పాసు తారీఖు అయిపోయి ఉండె. కౌంటరాయన పాసు మీద ముద్ర కొట్టుకుంట తలకాయెత్తి, నిన్నెక్కడ్నో చూసిన అన్నడు. బస్సు వెనక చూసినవ్, నేనే, మీసం మళ్ల పెంచుతున్న అన్నడు బిక్షం. మేడం ఉత్తరం మడిచి పాసు కవర్ల అట్టకు బదులు పెట్టిండు.

స్టాపు కాడికి సంతోషిని తోలుకొచ్చి పాసు చేతుల పెట్టిండు. ఇగనుంచి ఏదన్నుంటె నాతోని చెప్పు అన్నడు. ఆ పిల్ల పాసు తీసుకోలే. ఉత్త మాట నేను నమ్మ బాపు, ప్రతిజ్ఞ చెయ్యి అన్నది.

బిక్షం చుట్టు చూసిండు. స్టాపు నిండ జనం. బాయి షిఫ్టుకు పొయ్యేటోళ్లు నలుగురు, సారవ్వ కూరగాయల గంపతోని, సమ్మవ్వ గొడుగుతోని. మిగిలిన పరువు ఏమన్నుంటె గిప్పుడు పోతది. ఇంట్ల చేస్త పా బిడ్డా అన్నడు. సంతోషి కదలలే. ఇగ ఆయన చెప్పులిడిచి, సక్కగ నిలవడి, కుడిచెయ్యి ముందటికి చాపిండు. బిక్షం అనే నేను, అని నోట్లె నోట్లె మొదలువెట్టిండు.

"గట్టిగ చెప్పు బాపు. వెనకోళ్లకు ఇనవడాలె."

"బిక్షం అనే నేను, నా బిడ్డ బస్సుల గని బజార్ల గని ఏం జరిగిందని చెప్పినా, దాని సదువు బంద్ చేపియ్యనని, దాని బస్సు బంద్ చేపియ్యనని, తప్పు చేసినోన్ని అడుగుత గని, చెప్పినదాన్ని దోషిని చెయ్యనని, ప్రతిజ్ఞ చేస్తున్న."

స్టాపుల ఎవలూ ఈలెయ్యలే. షిఫ్టుకు పొయ్యేటోళ్లల్ల ఒకాయన అలవాటు మీద తన చెయ్యి సుత సగం చాపి, మళ్ల జేబుల పెట్టుకున్నడు. సంతోషి తండ్రి చేతుల పాసు గుంజుకొని బస్సెక్కింది. కిటికీ పక్క కూసుండి, బ్యాగు ఒళ్లె పెట్టుకున్నది.

బస్సు కదిలింది. వెనక ఎర్ర ఇంటూ మార్కు కింద, మెలేసిన మీసం బిక్షం, కింద నిలవడ్డ బోడి మూతి బిక్షం దిక్కు కండ్లార్పకుంట చూసుకుంట పోయిండు. కిందాయన చాపిన చెయ్యి దించుడు మరిచిపోయి, బస్సు మలుపు తిరిగేదాంక అట్లనే నిలవడ్డడు.